మంజీర లోయలో గోరీలు, గుళ్లు, బంగ్లాలు

మహారాష్ట్రలో బీడ్ జిల్లా బాలాఘాట్ గుట్టల్లో పుట్టిన మంజీర నది 724 కిలోమీటర్లు ప్రవహించి, నిజామాబాద్ జిల్లా రెంజల్ మండలం కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. హరిద్ర అనే వాగును కూడా కలుపుకొని ఈ చోటును త్రివేణి సంగమం అంటారు. సంగమానికి దక్షిణాన, ఒక పూట ఎడ్లబండి ప్రయాణం దూరంలో బోధన్ ఉంది. చరిత్రకు తెలిసిన రెండున్నర వేల ఏళ్లలో ఈ నదీలోయలో ఉన్నవాళ్లు, వచ్చినవాళ్లు, వచ్చి పోయినవాళ్లు తమ గుర్తుగా రెండే రకాల కట్టడాలు మిగిల్చారు. మొదటివి బతికినప్పుడు కట్టుకున్నవి: గుళ్లు, కోటలు, మసీదులు, కాలువలు, బంగ్లాలు. రెండోవి పోయాక మిగిలినవి: గోరీలు, సమాధులు, దర్గాలు.

బోధన్ పాత పేరు పోదన, పౌదన్యపురం. బౌద్ధ గ్రంథాలు చెప్పే పదహారు మహాజనపదాల్లో వింధ్యకు దక్షిణాన ఉన్నది ఒక్క అశ్మకమే. దాని రాజధాని ఇదేనని చరిత్రకారుల్లో ఎక్కువమంది అభిప్రాయం. భారతకథ వినే జనం మాత్రం ఊరిని ఏకచక్రపురమంటారు, భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడేనంటారు. ఊళ్లోని చక్రేశ్వరాలయం ఆ కథకు ఆనవాలు. జైనులకు ఇది బాహుబలి పాలించిన పోదనపురం. ఇక్కడ అన్న భరతుడు ప్రతిష్ఠించిన బాహుబలి విగ్రహాన్ని చూడాలని గంగరాజుల మంత్రి చావుండరాయని తల్లి కోరిందని, దారి దుర్గమమై అంతదూరం రాలేకనే చావుండరాయడు శ్రవణబెళగొళలో కొండరాయిని విగ్రహంగా చెక్కించాడని జైన కథ. క్రీ.శ. 981 ప్రాంతపు ఆ విగ్రహం నేటికీ నిలబడి ఉంది. పోదనపురపు విగ్రహం కథలో తప్ప ఎక్కడా లేదు.

శాసనాలు పలికే చరిత్ర వేములవాడ చాళుక్యులతో గట్టిపడుతుంది. ఈ వంశం మొదట బోధన్‌లో ఉండి తర్వాత వేములవాడకు మారింది. ఆ వంశపు యుద్ధమల్లుడు బోధన్‌లో బావి నిండా నూనె పోయించి ఏనుగులకు స్నానం చేయించాడని వారి శాసనాలూ, రెండో అరికేసరి ఆస్థాన కవి పంపడి కన్నడ కావ్యమూ చెబుతాయి. నువ్వులు పండే రేగడి నేలలో నూనెకు కొదవ లేదనే అనుకున్నా, రాజుగారి దర్పం ముందు ఊరి గానుగలు ఎంత ఆడి ఉండాలో ఊహకు వదిలేయాల్సిందే.

ఆ కాలానికి దగ్గరగా తీసుకువెళ్లే కట్టడం బోధన్‌లోని దేవల్ మసీదు. నక్షత్రాకారపు పునాది మీద, వరసలు వరసలుగా నల్లరాతి స్తంభాలతో నిలిచిన ఈ కట్టడం మొదట ఆలయం. పదో శతాబ్దంలో రాష్ట్రకూట మూడో ఇంద్రుడి కాలంలో జైనాలయంగా వెలిసిందని, కల్యాణి చాళుక్య సోమేశ్వరుడి కాలంలో మళ్లీ పని జరిగిందని జిల్లా చరిత్ర రాసినవారు చెబుతారు. 1323లో ఓరుగల్లు మీదికి రెండోసారి దండెత్తి వస్తూ ఉలుగ్ ఖాన్ దారిలో బీదర్‌నూ, బోధన్‌నూ పట్టుకున్నాడు. అతనే రెండేళ్లకు ఢిల్లీ గద్దెనెక్కి మహమ్మద్ బిన్ తుగ్లక్ అయ్యాడు. అతని ఏలుబడిలో ఆలయం మసీదైంది, ఆ సంగతి చెప్పే పారసీ శాసనాలు అక్కడే ఉన్నాయి. గర్భగుడి స్థానంలో ఇమామ్ నిలబడే వేదిక వచ్చింది, పైన గుమ్మటాలు లేచాయి. స్తంభాలను మాత్రం తీసేయలేదు. కూర్చున్న తీర్థంకరుల బొమ్మలు ఇప్పటికీ కొన్ని స్తంభాల మీద కనిపిస్తాయి.

ఈ కట్టడాన్ని గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా ఎవరిదన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. కట్టడం చరిత్ర తెలుసుకోవాలంటే దానికన్నా ముందు అడగాల్సింది మరొకటి ఉంది. పదో శతాబ్దపు రాతిపని ఇన్నేళ్లు ఎలా నిలిచింది? బోధన్ చుట్టుపక్కల జైన బసదులు ఇంకా ఉండేవి. పొలాల్లో, గుట్టల పక్కన దొరికే విరిగిన విగ్రహాలే దానికి సాక్ష్యం. వాటి రాళ్లు బావి గట్లకూ, ఇళ్ల గడపలకూ, బట్టలుతికే బండలకూ పోయాయి. ప్రజల వాడుకలో ఉన్న కట్టడమే ఈ లోయలో నిలిచింది. ఎవరూ అడుగుపెట్టని కట్టడం రాయి రాయిగా ఊళ్లోకి నడిచి వెళ్లిపోయింది.

నిజామాబాద్ ఊరి అసలు పేరు ఇందూరు. 1905లో రైల్వే స్టేషనుకు నిజామాబాద్ అని పెట్టాక ఊరి పేరు కూడా క్రమంగా అదే అయింది. ఊరికి ఆనుకొని ఉన్న గుట్ట మీది కోట వాడుక ఎన్నిసార్లు మారిందో చెప్పడం కష్టం. రాష్ట్రకూటుల నాటిదని పేరున్న ఆ కోటలో సమర్థ రామదాసు పేరుతో ముడిపడిన రఘునాథాలయం వెలిసింది. ఆసఫ్‌జాహీల కాలంలో అదే కోటలో జైలు నడిచింది. 1948లో కవి దాశరథి కృష్ణమాచార్య, రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి ఆ జైల్లో ఖైదీలు. దాశరథి బొగ్గుతో జైలు గోడల మీద పద్యాలు రాసిన సంగతి ఇందూరులో చిన్నపిల్లలూ చెబుతారు. ఒకే ప్రహరీలో రాముడూ, రజాకార్ల కాలపు ఖైదీలూ ఉండటం ఆ రోజుల్లో ఎవరికీ వింతగా తోచినట్టు లేదు.

ఇందూరుకు దక్షిణాన డిచ్‌పల్లి గుట్ట మీద ఉన్న రామాలయం ఈ ప్రాంతపు రాతిపనికి మంచి నమూనా. కాకతీయ శైలి ఛాయలున్న ఈ గుడి గోడల మీది శృంగార శిల్పాలను చూసి దీన్ని ఇందూరు ఖజురహో అనడం అలవాటైంది. ఆ పేరు పర్యాటకులకు పనికొస్తుంది గాని, గుడికి న్యాయం చేయదు. గోడల కింది వరసల్లో నడిచే ఏనుగులూ, హంసలూ శృంగార శిల్పాలకన్నా శ్రద్ధగా చెక్కినవి.

ఇక పోయినవాళ్ల గుర్తుల సంగతి. తెలంగాణలో అతి పాత సమాధులు ఇనుప యుగం నాటివి. పెద్దపెద్ద బండరాళ్లను వలయంగా పేర్చి, నడుమ రాతిపలకల గదిలో ఎముకలు, కుండలు, ఇనుప పనిముట్లు పెట్టి పూడ్చేవారు. పల్లెల్లో వీటిని రాకాసి గుళ్లంటారు, పాండవుల గుళ్లంటారు. మనిషి ఎత్తలేని బండలు కాబట్టి మనుషులు కట్టినవని జనం ఒప్పుకోలేదు. తర్వాతి కాలంలో యుద్ధంలోనో, పశువుల మందను కాపాడుతూనో చనిపోయినవాళ్లకు వీరగల్లులు నిలిపారు. ఊరి బయట చెట్టు కింద కత్తిపట్టి నిలుచున్న రాతిబొమ్మకు సింధూరం పూసి హనుమంతుడిగా మొక్కే చోట, చాలాసార్లు ఆ బొమ్మ పేరు మరిచిపోయిన ఏ వీరుడిదో అయి ఉంటుంది.

శవాన్ని దహనం చేసే కులాలకు సమాధి ఉండదు. వాళ్ల చివరి మజిలీ నది. కందకుర్తి సంగమంలో అస్థికలు కలుపుతారు, పిండాలు పెడతారు. పుష్కరాలకు జనం పోటెత్తుతారు. గత గోదావరి పుష్కరాలు 2015 జూలైలో జరిగాయి, వచ్చేవి 2027లో. అక్కడ నది నడుమ ఉన్న పాత రాతి శివాలయం వానాకాలం నీట మునిగి, ఎండాకాలం తేలుతుంది. శ్రీరాంసాగర్ వెనుక జలాలు పెరిగినప్పుడు మునక ఇంకా ఎక్కువ రోజులుంటుంది.

అయితే తెలంగాణ పల్లెల్లో దహనం చేయనివాళ్లూ తక్కువేమీ కారు. అనేక కులాల్లో బొందపెట్టడమే ఆచారం. ఊరవతల బొందలగడ్డ ప్రతి గ్రామానికీ ఉంటుంది. మట్టి దిబ్బ మీద రాయి పెడతారు, కలిగినవాళ్లు పొలంలోనే గద్దె కట్టి సమాధి చేస్తారు. పెత్రామాస నాడు పెద్దలకు బియ్యం ఇచ్చే కుటుంబాలు ఆ గద్దెకు సున్నం వేసి దీపం పెడతాయి. లింగాయతులు శవాన్ని కూర్చున్న భంగిమలో, చేతిలో ఇష్టలింగం ఉంచి, విభూతి చల్లి సమాధి చేస్తారు. బసవన్న నడిచిన బసవకల్యాణం మంజీర ఎగువ పరీవాహక ప్రాంతంలోనే ఉంది. అందుకే జుక్కల్, బిచ్కుంద, మద్నూర్ వైపు లింగాయత సమాధులు, మఠాలు ఎక్కువ కనిపిస్తాయి.

లోయ మొత్తంలో అతి గొప్ప శ్మశానం బోధన్‌కు నది ఎగువన, బీదర్ పక్కన అష్టూరు గ్రామంలో ఉంది. 1956 వరకు బీదర్, నిజామాబాద్ రెండూ హైదరాబాద్ రాష్ట్రపు జిల్లాలే కాబట్టి ఇది పరాయి చోటు కాదు. గుల్బర్గా నుంచి రాజధానిని బీదర్‌కు మార్చిన బహమనీ సుల్తాను అహ్మద్‌షా వలీ 1436లో చనిపోయాడు. అతని తర్వాతి సుల్తానుల గోరీలన్నీ అష్టూరు మైదానంలో ఒక వరసగా లేచాయి. బయటినుంచి చూస్తే అహ్మద్‌షా గోరీ సాదాసీదా గుమ్మటం. లోపల అడుగుపెడితే గోడల నుంచి గుమ్మటం నడినెత్తి వరకు ఎరుపు, నీలం, బంగారు రంగుల్లో తీగలు, పూలు, కుఫీ, తొగ్రా లిపుల్లో రాతలు కనిపిస్తాయి. దక్కనులో పదిహేనో శతాబ్దపు చిత్రలేఖనం ఇంత నిండుగా మిగిలిన చోటు మరొకటి దొరకదు. కొన్ని అడుగుల దూరంలో హుమాయూన్ అనే సుల్తాను గోరీ ఉంది. చరిత్రలో అతనికి జాలిమ్ అనే పేరు నిలిచింది. పిడుగు పడి అతని గుమ్మటం సగం కూలింది. దాన్ని దైవనిర్ణయమని చెప్పని గైడు అక్కడ ఉండడు. వాస్తుశిల్పం చదువుకున్నవాళ్లకు మాత్రం ఆ చీలిక ఒక పాఠం. గుమ్మటం మందం ఎంత, బరువు తగ్గించడానికి ఇటుకలు ఎలా పేర్చారు అన్నది కోసి చూపినట్టు కనిపిస్తుంది.

అహ్మద్‌షా గోరీ దగ్గర ఏటా జరిగే ఉర్సుకు తేదీ హిజ్రీ లెక్కన కాదు, హోళీ దరిదాపుల్లో హిందూ పంచాంగం తిథి లెక్కన వస్తుంది. కలబురగి (గుల్బర్గా) జిల్లా మాడ్యాల నుంచి జంగమయ్య పరివారంతో నడిచి వచ్చి, శంఖం ఊది, గోరీకి కొబ్బరికాయ కొడతాడు. ముస్లిములకు అతడు వలీ, అంటే దేవునికి దగ్గరివాడు. లింగాయతుల్లో చాలామందికి అల్లమప్రభువు అవతారం. ఆరు శతాబ్దాలుగా ఆ రంగులు ఎలా నిలిచాయన్నదానికి పురావస్తు శాఖ కన్నా ముందు ఈ జాతరే సమాధానం. అష్టూరు దారిలోనే ఖలీలుల్లా అనే సూఫీ గురువు చౌఖండీ ఉంది. అది నల్లరాతి అంచుల ఎనిమిది పలకల కట్టడం. బీదర్‌కు మరోవైపు బరీద్‌షాహీల గోరీల తోట ఉంది. 1580లో చనిపోయిన అలీ బరీద్ గోరీకి నాలుగు వైపులా తలుపుల్లేని పెద్ద కమాన్లు. లోపలికి గాలీ వెలుతురూ ధారాళంగా రావాలని బతికుండగానే కట్టించుకున్నవాడి అభిరుచి అందులో కనిపిస్తుంది.

బోధన్ ప్రాంతంలో రాజుల గోరీలు లేవు, సూఫీల దర్గాలున్నాయి. వర్ని దగ్గర జలాల్‌పూర్ గుట్ట మీది బడాపహాడ్ దర్గా వాటిలో పెద్దది. సయ్యద్ సాదుల్లా హుసేనీ సమాధి అక్కడ ఉంది. మెట్లెక్కి వచ్చేవాళ్లలో హిందువులు, లంబాడాలు తక్కువేమీ ఉండరు. మొక్కు తీరినవాళ్లు గుట్ట కింద మేకను కోసి కందూరు చేస్తారు. సందల్ నాడు గంధం పూస్తారు, కొత్త గిలాఫ్ కప్పుతారు. దర్గా చుట్టూ ఉండే గోరీలు అన్నీ పీరు వంశానివో, ఆయన పాదాల దగ్గర పడుకోవాలని కోరుకున్న భక్తులవో అయి ఉంటాయి. శాసనం లేని గోరీల్లో మగవాళ్లదేది, ఆడవాళ్లదేది అన్నది పైన చెక్కిన గుర్తుతో తెలుస్తుంది. కలందాన్‌లా, అంటే కలాల పెట్టెలా ఉబ్బెత్తు గీత ఉంటే మగ గోరీ, పలకలా చదునుగా ఉంటే ఆడ గోరీ.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ లోయ రూపం మార్చింది నీళ్లు. 1905లో మెదక్ దగ్గర మంజీర మీద ఘనపురం ఆనకట్ట కట్టి, మహబూబ్ నహర్, ఫతే నహర్ అనే రెండు కాలువలు తీశారు. 1923 నుంచి 1931 దాకా నిజాంసాగర్ కట్టారు. దాని చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన పుట్టిన జూలై 11ను తెలంగాణలో ఇంజనీర్ల దినంగా జరుపుతారు. జలాశయం నిండితే ఊళ్లతోపాటు ఊళ్ల బొందలగడ్డలూ మునుగుతాయి. ఇంటికి, పొలానికి పరిహారం లెక్క ఉంటుంది. తాతముత్తాతల గోరీకి లెక్క కట్టిన సర్కారు లేదు. ప్రాజెక్టు కోసం కట్టిన విడిది గృహాలు, నిజాంసాగర్ గోల్ బంగ్లా, ఎడపల్లి వైపు అలీసాగర్ తోట, గుట్ట మీది వేసవి విడిది మిగిలాయి. ఎత్తయిన కప్పు, చుట్టూ వరండా, నేల మీద షాబాదు బండలు, మందమైన రాతిగోడలు ఉన్న ఈ ఇళ్లలో మే నెలలో కూడా ఫ్యాను లేకుండా గడపవచ్చు.

కాలువ నీళ్ల కోసం కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు వచ్చి భూములు కొన్నారు. వర్ని, రుద్రూరు, కోటగిరి, బాన్సువాడ వైపు క్యాంపు అనే పేరున్న ఊళ్లు అలా పుట్టినవే. ఆ నీటి మీదే చెరకు వచ్చింది. 1937లో బోధన్ పక్కన నిజాం షుగర్ ఫ్యాక్టరీ, దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలిశాయి. జానకంపేట నుంచి బోధన్‌కు రైలు పట్టాలు వేశారు. ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర మిల్లు అని ఒకప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఉండేది. అధికారులకు బంగ్లాలు, కార్మికులకు వరస క్వార్టర్లు, ఆస్పత్రి, బడి, క్లబ్బు ఒక పద్ధతిలో కట్టిన టౌన్‌షిప్ అది. పల్లెటూరి లోయలో ప్లాను గీసి కట్టిన తొలి పారిశ్రామిక ఊరు. 2002లో మిల్లులో పెద్ద వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది, 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు. గుళ్లకూ కోటలకూ ఉన్న వారసత్వ గౌరవం ఫ్యాక్టరీ భవనాలకు మన దేశంలో సులువుగా దొరకదు. తుప్పు పట్టిన యంత్రాన్ని తుక్కుగా చూడటం అలవాటు. నిజానికి ఈ లోయ గత వందేళ్ల చరిత్రను దేవల్ మసీదు కన్నా శక్కర్‌నగర్ ఎక్కువ చెబుతుంది.

క్రైస్తవ మిషన్ల కట్టడాల్లో రెండు ముఖ్యమైనవి. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ జార్జి కెర్, ఆయన భార్య డాక్టర్ ఇసబెల్ కెర్ 1911లో నిజామాబాద్‌లో కుష్ఠు రోగుల వైద్యం మొదలుపెట్టి, 1915లో డిచ్‌పల్లికి మార్చారు. స్థానిక ధనవంతుడు నర్సాగౌడ్ డబ్బిచ్చి ఆదుకున్నారు. అదే విక్టోరియా ఆస్పత్రి. చాల్‌మూగ్రా జాతి గింజల నూనెను సూదిమందుగా ఇచ్చే చికిత్సకు అది దేశంలో పేరుపడ్డ కేంద్రమైంది. ఇసబెల్ 1932లో చనిపోయారు. ఊరు వెలివేసిన మనిషికి వార్డు, పొలం, ప్రార్థన, చివరికి మట్టి కూడా ఒకే ఆవరణలో దొరకాలి గనుక ఇలాంటి ఆస్పత్రులను ఊరిలా కట్టేవారు. రెండోది మెదక్ చర్చి. చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు రోజుల్లో కూలికి పని చూపిస్తూ 1914లో మొదలుపెట్టిన ఆ కట్టడాన్ని 1924 డిసెంబరు 25న ప్రార్థనలకు తెరిచారు. 175 అడుగుల గోపురం దూరం నుంచే కనిపిస్తుంది.

ఈ కట్టడాలకు మొదటి శత్రువు చెట్టు. పక్షి వేసిన రావి విత్తనం గుమ్మటం పగుల్లో మొలిచి, వేరు లావెక్కి రాయిని చీలుస్తుంది. కొమ్మ నరికితే వేరు మరింత బలుస్తుంది, వేరును చంపాలి. రెండో శత్రువు సిమెంటు. పాత గోడ గానుగ సున్నంతో కట్టింది. ఇసుక, సున్నం గానుగలో నూరి, బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపిన ఆ గచ్చు తేమను పీల్చి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కి గోడ ఉబ్బి రాలుతుంది. చెరకు, బెల్లం పండే బోధన్‌లో కూడా మరమ్మతుకు సిమెంటు సంచే ముందు వస్తుంది. మూడోది గుప్తనిధుల ఆశ. అమావాస్య రాత్రి గుడి గర్భాన్నీ, పాత గోరీనీ తవ్వే ముఠాల వార్తలు నిజామాబాద్, కామారెడ్డి పేపర్లలో తరచూ వస్తాయి. సరైన పద్ధతిలో బాగుచేస్తే ఏమవుతుందో కామారెడ్డి జిల్లా దోమకొండ కోట చూపించింది. ఆ పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం దక్కింది.

చట్టం సంగతికి వస్తే, కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపైన 200 మీటర్లలో అనుమతి కావాలి. తెలంగాణ 2017లో సొంత వారసత్వ చట్టం చేసుకుంది. ముస్లిం శ్మశానాల్లో చాలావరకు వక్ఫ్ ఆస్తులు. ఊరి బొందలగడ్డకు మాత్రం ఏ చట్టపు నీడా సరిగా తగలదు. పల్లె ప్రగతి పథకం కింద ప్రతి గ్రామంలో వైకుంఠధామం వచ్చాక దహనవాటిక, స్నానాల గది, నీటి కుళాయి సమకూరాయి. అదే సమయంలో పాత బొందలగడ్డ వాడుక తప్పింది. పక్క రైతు నాగలి ఏటా ఒక్కో సాలు లోపలికి జరుగుతుంది. అక్కడ శ్మశానం ఉండేదని రుజువు కావాలంటే నిజాం కాలపు సేత్వారు, 1954-55 ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డులు తీసి సర్వే నంబరు చూడాలి, తర్వాత గొలుసు పట్టి హద్దురాళ్లు మళ్లీ పాతాలి.